వానొస్తే మూగబోయే సెన్సర్లు

ప్రశ్న: రేడియోతో డేటా పంపే తేమ సెన్సర్లను నేలలో అడుగున్నర లోతున పాతాం. వాన పడితే రెండు మూడు రోజులు డేటా రాదు. తవ్వి చూస్తే పెట్టెలో చుక్క నీరు లేదు. లోపమెక్కడ?

జవాబు: లోపం పెట్టెలో కాదు, దాని చుట్టూ ఉన్న మట్టిలో ఉంది. పొడి మట్టి డైఎలక్ట్రిక్ స్థిరాంకం (విద్యుత్ క్షేత్రంలో పదార్థం ఎంత శక్తిని నిలుపుకోగలదో చెప్పే సంఖ్య) 3 నుంచి 5 దాకా ఉంటుంది. నీటిది దాదాపు 80. కెపాసిటివ్ రకం సెన్సర్లు తేమను కొలిచేది ఈ తేడాను పట్టుకునే. రేడియో తరంగాలను దెబ్బతీసేదీ అదే. తడిసిన నేల సిగ్నల్‌ను పీల్చేయడమే కాక, యాంటెన్నా శ్రుతిని కూడా తప్పిస్తుంది. బంకమట్టిలో పరిస్థితి మరీ అధ్వానం. వాన పడ్డప్పటి లెక్కల కోసమే సెన్సర్ పెట్టుకున్నవారికి ఇంతకన్నా చిరాకు ఏముంటుంది!

2.4 గిగాహెర్ట్జ్ రేడియో వాడుతుంటే మానేయండి. 433 మెగాహెర్ట్జ్ తరంగాలు మట్టిలో అంత త్వరగా నీరసించవు. యాంటెన్నా మాత్రం పెద్దదవుతుంది: పావు తరంగం పొడవు 3 సెంటీమీటర్ల నుంచి 17కు పెరుగుతుంది. నన్నడిగితే, సెన్సర్‌ను కిందే ఉంచి, యాంటెన్నాను కేబుల్‌తో పైకి తెచ్చి ఒక కర్రకు కట్టండి. నేల దున్నడం వల్ల అది కుదరకపోతే, పంపలేని కొలతలను మెమరీలో దాచి, దారి దొరికినప్పుడు పంపేలా ప్రోగ్రామ్ మార్చండి.

ప్రశ్న: సెన్సర్ ఒక్క బ్యాటరీతో అయిదేళ్లు నడుస్తుందంటున్నారు. నమ్మవచ్చా?

జవాబు: ఎంతసేపు నిద్రపోతుందో చెప్పకుండా ఏళ్లు చెబితే నమ్మకండి. 2,400 మిల్లీయాంప్ అవర్ బ్యాటరీ, నిద్రలో 5 మైక్రోయాంపులు, మేలుకున్నప్పుడు 20 మిల్లీయాంపులు అనుకుందాం. పావుగంటకోసారి రెండు సెకన్లు మేలుకుంటే సగటు 50 మైక్రోయాంపులు. కాగితం మీద అయిదేళ్లు దాటుతుంది. నిమిషానికోసారి లేపితే అయిదు నెలలే! పైగా సిగ్నల్ బలహీనమైతే పంపిందే మళ్లీ మళ్లీ పంపాలి. మెష్ నెట్‌వర్క్‌లో, అంటే ఒకదాని డేటాను మరొకటి అందుకుని ముందుకు పంపే అమరికలో, గేట్‌వేకు (డేటా అంతా చేరే పరికరానికి) దగ్గరున్న నోడ్ (రేడియో ఉన్న సెన్సర్ పెట్టె) అందరి బరువూ మోసి అందరికన్నా ముందే చస్తుంది. కొనేవారికి ఈ మాట ఎవరూ చెప్పరు.

లిథియం థయోనిల్ క్లోరైడ్ బ్యాటరీ ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది కానీ, సుదీర్ఘ నిద్ర తర్వాత ఒక్కసారిగా కరెంటు లాగితే వోల్టేజీ పడిపోయి నోడ్ రీసెట్ కావచ్చు. పక్కన తగిన కెపాసిటర్ (కాస్త విద్యుత్తును దాచి, అవసరానికి వెంటనే ఇచ్చే భాగం) పెడితే ఆ బెడద తప్పుతుంది.

ప్రశ్న: ఇవే నోడ్లను గనిలో గాలి నాణ్యత కోసం వాడవచ్చా?

జవాబు: సొరంగంలో తరంగాలు వెళ్లేది గాలిలోనే కాబట్టి రేడియోకు కొంత వెసులుబాటు ఉంటుంది. 900 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో గోడలే సిగ్నల్‌కు దారి చూపుతాయి. మలుపు దగ్గర మాత్రం రిపీటర్ (సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపే పరికరం) కావాలి. అసలు చిక్కు వేరే. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు, పేలుతుంది. అలాంటి చోట్ల వాడకానికి సురక్షితమని ధ్రువీకరణ పొందిన పరికరాలే పెట్టాలి. సొంతంగా అతికించుకున్న బోర్డును, అది ఎంత బాగా పనిచేస్తున్నా, బొగ్గు గనిలోకి తీసుకెళ్లకండి.