పెట్రోలు లైటు వెలిగాక ఎంత దూరం పోవచ్చు?

తమ్ముడూ, చిత్తూరు నుంచి జనవరిలో టెక్సాస్ వచ్చానని, సెకండ్ హ్యాండ్ కారు కొన్నానని, పెట్రోలు లైటు వెలిగాక ఎన్ని మైళ్ళు పోవచ్చని అడిగావు. ముందు లెక్క చెప్తా. చాలా కార్లలో ట్యాంకులో పదో వంతు, ఇంకాస్త మిగిలి ఉండగానే ఆ లైటు వెలుగుతుంది. చిన్న కారైతే గ్యాలన్నర, రెండు గ్యాలన్లు అనుకో. గ్యాలనంటే 3.8 లీటర్లు. కాగితం మీద 40, 50 మైళ్ళు వస్తాయి. నువ్వు మాత్రం 30కి మించి నమ్ముకోవద్దు. ఎందుకంటావా, నాకు జరిగింది విను.

మాది తిరుపతి. నాన్న స్కూటరు పెట్రోలు అయిపోయి అలిపిరి దగ్గర ఆగిపోతే ఓ పక్కకు వంచి, మళ్ళీ నిలబెట్టి, కిక్కు కొట్టేవాడు, బంకు దాకా వచ్చేసేది. అది కార్బురేటరు బండి, అడుగున ఉన్న నాలుగు చుక్కలు పైపులోకి జారితే చాలు. అదీ కాకపోతే నీళ్ళ సీసా పట్టుకుని పోతే ఎవరో ఒకరు పోసేవాళ్ళు. ఆ ధైర్యంతోనే ఇక్కడికొచ్చాను.

2009 ఆగస్టులో ఆర్లింగ్టన్ నుంచి ఎల్ పాసోకు ఒక్కడినే బయల్దేరాను, పాత కొరోలా, ట్యాంకు 13 గ్యాలన్లు. దారిలో పేకోస్ అనే చిన్న ఊరి దగ్గరికి వచ్చేసరికి పెట్రోలు ముల్లు పావు కంటే కొంచెం కింద ఉంది. అక్కడ బంకులో రేటు ఆర్లింగ్టన్‌లో కంటే గ్యాలనుకు 40 సెంట్లు ఎక్కువ, ఛీ, వీళ్ళకెందుకు డబ్బు పోయాలి అనుకుని ముందుకు పోయాను. ట్యాంకంతా నింపినా తేడా నాలుగైదు డాలర్లే. పేకోస్ నుంచి తర్వాత వచ్చే వాన్ హార్న్ అనే ఊరికి దాదాపు 88 మైళ్ళు. స్పీడ్ లిమిట్ గంటకు 80 మైళ్ళు కదా అని నేనూ 80లోనే పోయాను, ఏసీ ఫుల్లు. పైగా పేకోస్ ఎత్తు సుమారు 2,600 అడుగులు, వాన్ హార్న్ 4,000. ఘాట్ రోడ్డులా మలుపులు ఉండవు కాబట్టి ఎక్కుతున్నామనే తెలియదు, ఇంజనుకు మాత్రం తెలుసు. వేగం పెరిగేకొద్దీ గాలి ఎంత అడ్డం పడుతుందో ఆ రోజు అర్థమైంది.

వాన్ హార్న్ ఇంకా పది మైళ్ళుందనగా బండి రెండుసార్లు గుంజి ఆగిపోయింది. కనుచూపు మేరలో చెట్టు లేదు. గంటన్నర ఎండలో కూర్చున్నాక దారిలో ఆగిన కార్లకు సాయం చేసే రోడ్‌సైడ్ బండి వాడొచ్చి ఎర్ర డబ్బాతో రెండు గ్యాలన్లు పోసి 140 డాలర్లు తీసుకున్నాడు. డాలరు 48 రూపాయల లెక్కన 6,700 పైనే, నాన్న నెల జీతంలో దాదాపు సగం. ఆ రాత్రి అన్నం సయించలేదు.

అంతటితో పోలేదు. రెండు నెలలకు కారు స్టార్టవ్వడం మానేసింది. ఇప్పటి కార్లలో పెట్రోలు పంపు ట్యాంకులోనే ఉంటుంది, చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. ట్యాంకు ఎండబెట్టి నడిపితే అది వేడెక్కి అరిగిపోతుంది. కొత్త పంపుకు ఇంకో 400 డాలర్లు. నాలుగు డాలర్లకు కక్కుర్తి పడి 540 పోగొట్టుకున్నాను!

మీ తరం పిల్లలు 'ఇంకా 42 మైళ్ళు' అని స్క్రీన్ చెప్తే అదే వేదం అనుకుంటారు. అది ఇప్పటిదాకా నువ్వు నడిపిన తీరును బట్టి వేసిన అంచనా మాత్రమే. ఎక్కుడు వచ్చినా, ఎదురుగాలి వచ్చినా, ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని గంట నిలబడినా తగ్గిపోతుంది. ముల్లు కూడా ట్యాంకులో తేలే బెండును బట్టే కదులుతుంది, వాలులో అది అబద్ధం చెప్తుంది.

పది డాలర్లు, పది డాలర్లు పోసుకోవడం మానెయ్. సగం దిగగానే నింపు, నెలకు అయ్యే ఖర్చు అంతే. డెబిట్ కార్డు పంపు దగ్గర గీస్తే, నువ్వు పోసుకుంది 20 డాలర్లే అయినా నీ ఖాతాలో వంద డాలర్లకు పైగా కొన్నాళ్ళు వాడుకోనివ్వకుండా హోల్డులో పెట్టొచ్చు, అద్దె కట్టే వారంలో అది ప్రాణం మీదకొస్తుంది. లోపలికెళ్ళి ముందే డబ్బు కట్టి పోసుకో. యూటా రాష్ట్రంలో ఐ-70 హైవే మీద గ్రీన్ రివర్, సలైనా ఊళ్ళ మధ్య వంద మైళ్ళకు పైగా బంకే లేదు, అటు ఎప్పుడైనా పోతే ఫుల్ ట్యాంకుతోనే పో.

హైవే పక్కన ఆగితే ఏం చెయ్యాలనే రూల్సు లైసెన్సు పరీక్షకు చదివే డ్రైవర్ పుస్తకంలో ఉన్నాయి, చదువుకో. టెక్సాస్ లైసెన్సు వెనకాల రోడ్‌సైడ్ సాయం నంబరు ఉంటుంది, ఈ రోజే ఫోన్లో ఎక్కించుకో. నేను పదహారేళ్ళుగా ఒక్కసారి కూడా ఆ లైటు వెలగనివ్వలేదు, ఇల్లు కొన్నాను, రెండు కార్లున్నాయి, ఇప్పటికీ పావుకు దిగితే బంకులోకి తిప్పేస్తాను. నీ కారు ఏ మోడలో, ఏ సంవత్సరానిదో రాయి, ట్యాంకు ఎంతో చూసి చెప్తాను.