వరద కంట్రోల్ రూం షిఫ్టులు: మీ లెక్క తప్పింది ఇక్కడే

నాలుగు కుర్చీలకు పన్నెండు మందిని వేసినా రెండో రాత్రికే మనుషులు దొరకడం లేదన్నారు కదా సార్. ఒక్క కుర్చీ 24 గంటలూ నిండాలంటే 8 గంటల చొప్పున ముగ్గురు. వారపు సెలవు, జ్వరాలు కలుపుకుంటే ఐదుగురు. అంటే మీకు ఇరవై మంది కావాలి. పన్నెండు మందే దొరికితే కుర్చీలు రెండుకు తగ్గించి, మిగిలిన ఇద్దర్ని రిజర్వులో పెట్టుకోండి.

జాబితాలో పేరు పక్కన ఇల్లెక్కడో రాయండి. 2009 అక్టోబరులో కర్నూలు పాతబస్తీ మునిగింది. అలాంటి రోజు అక్కడ ఇల్లున్నవాళ్లు డ్యూటీకి రాలేరు, రమ్మనడం అన్యాయం కూడా. ప్రతి షిఫ్టులో సగం మందైనా మెరక కాలనీల వాళ్లుండాలి.

షిఫ్టు మారేటప్పుడు దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ అరగంట కలిసి కూర్చోవాలి. రిజిస్టరులో నాలుగే గడులు: టైము, ఎవరు ఏం చెప్పారు, ఎవరికి అప్పజెప్పాం, పనైందా లేదా. చివరి గడి ఖాళీగా ఉన్న వరసలన్నీ దిగేవాళ్లు పైకి చదవాలి, కర్నూలుకు ఎగువన తుంగభద్రపై ఉన్న సుంకేసుల బ్యారేజీ నుంచి వదులుతున్న నీటి క్యూసెక్కులతో సహా. నోటిమాటతో సరిపెడితే ఒకే వీధికి రెండు పడవలు పోతాయి, పక్క వీధికి ఒక్కటీ పోదు.

ట్రైనింగంటూ పీపీటీలు చూపించి పంపడం దండగ. జూన్‌లో ఒక రాత్రి చెప్పాపెట్టకుండా అందరికీ ఫోన్లు కొట్టండి. గంటలో ఎంతమంది వచ్చారో, ఏ నంబర్లు మూగబోయాయో అప్పుడే తేలిపోతుంది.