స్టాటిక్ లింకింగ్‌లో వీక్ సింబల్ ఎందుకు సున్నా అవుతుంది?

థ్రెడ్లు వాడే సి++ ప్రోగ్రామ్ మామూలుగా బాగానే నడిచి, స్టాటిక్‌గా (లైబ్రరీ కోడ్‌ను ప్రోగ్రామ్ ఫైలులోనే కలిపి) లింక్ చేస్తే మాత్రం సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో (చెల్లని మెమరీ చిరునామాను తాకితే వచ్చే దోషంతో) ఎందుకు ఆగిపోతుందన్నది ప్రశ్న. తప్పు సాధారణంగా మీ కోడ్‌లో ఉండదు.

వీక్ సింబల్ అంటే, దొరక్కపోయినా ఫర్వాలేదని గుర్తు పెట్టిన ఫంక్షన్ లేదా వేరియబుల్ పేరు. ఈఎల్ఎఫ్ (లినక్స్ వంటి వ్యవస్థల్లో ప్రోగ్రామ్ ఫైళ్ల రూపం) నిబంధన ప్రకారం, నిర్వచనం దొరకని వీక్ సింబల్ లింకర్‌కు, అంటే ఫైళ్లను కలిపి ప్రోగ్రామ్‌గా చేసే సాధనానికి, దోషం కాదు. దాని చిరునామా సున్నా అవుతుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, వీక్ సింబల్ కోసం లింకర్ స్టాటిక్ ఆర్కైవ్‌లోంచి (కంపైల్ అయిన ఆబ్జెక్ట్ ఫైళ్ల మూటలాంటి లైబ్రరీలోంచి) ఏ ఆబ్జెక్ట్ ఫైలునూ బయటికి తీయదు. జీసీసీ కంపైలర్ వారి సి++ లైబ్రరీ చాలాకాలం పీథ్రెడ్ (థ్రెడ్లను నడిపే లైబ్రరీ) ఫంక్షన్లను వీక్‌గానే ప్రస్తావిస్తూ, చిరునామా సున్నా అయితే ప్రోగ్రామ్‌లో థ్రెడ్లు లేవని భావించేది. వేరే ఫైలు గట్టిగా, అంటే వీక్‌గా కాకుండా, అడిగిన ఫంక్షన్లు మాత్రం లోపలికి వచ్చి, మిగిలినవి సున్నాగా ఉండిపోవడంతో, ఏదో ఒక పిలుపు నేరుగా సున్నా చిరునామాకు దూకుతుంది. లింకర్ హెచ్చరిక కూడా ఇవ్వకపోవడం ఇందులో అసలు చిక్కు.

పాత టూల్‌చెయిన్‌లో (కంపైలర్, లింకర్, లైబ్రరీల సమితిలో) పీథ్రెడ్ ఆర్కైవ్‌ను హోల్-ఆర్కైవ్ ఆప్షన్‌తో మొత్తంగా కలపాలి; వెంటనే నో-హోల్-ఆర్కైవ్ రాయకపోతే తరువాతి లైబ్రరీలన్నీ పూర్తిగా చేరిపోతాయి. 2021లో వచ్చిన జీలిబ్‌సి (లినక్స్‌లో వాడే సి లైబ్రరీ) 2.34 పీథ్రెడ్‌ను ప్రధాన లైబ్రరీ అయిన లిబ్‌సిలో కలిపేసింది. అయితే ఆ విలీనం ఒక్కటే చాలదు, ఎందుకంటే స్టాటిక్ లింకింగ్‌లో లిబ్‌సి కూడా ఆర్కైవే. దానికి తగినట్టు వీక్ ప్రస్తావనలను మానుకున్న కొత్త జీసీసీ కూడా కావాలి.