విండోలు చెప్పిన చోటికి వెళ్లాలంటే

ప్రశ్న: పాత తెలుగు పుస్తకాల స్కాన్ పీడీఎఫ్ చూస్తూ లిబ్రేఆఫీస్ రైటర్‌లో టైపు చేస్తుంటాను. నా పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ ఉంది. రోజూ ఆ రెండు విండోలనూ మౌస్‌తో లాగి పక్కపక్కన సర్దుకోవాలంటే మణికట్టు నొప్పితో కష్టంగా ఉంది. టెర్మినల్‌లో ఒక ఆజ్ఞ ఇస్తే అవే సర్దుకునే వీలుందా?
– విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: తప్పకుండా ఉంది మాస్టారూ. డీటీపీ పనిలో మూలప్రతి ఎడమన, అక్షరాలు కుడిన పెట్టుకుని బతికినవాణ్ని కనుక మీ అవసరం నాకు బాగా తెలుసు. అప్పుడప్పుడు సర్దుకుంటే చాలనుకుంటే విండోస్ బొమ్మ ఉన్న మీటతో పాటు ఎడమ బాణం నొక్కండి, విండో ఎడమ సగానికి వెళుతుంది. రోజూ చేసే పనికి మాత్రం మీరు అడిగిన దారే మేలు.

దీనికి ఒక చిన్న ప్రోగ్రామ్ ఉంది. డబ్ల్యూ, ఎమ్, సి, టి, ఆర్, ఎల్ అనే ఆరు ఇంగ్లిష్ చిన్న అక్షరాలే దాని పేరు. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఆ పేరుతో వెతికి వేసుకోండి. పీడీఎఫ్, రైటర్ రెండూ తెరిచి ఉంచి, టెర్మినల్‌లో ఆ పేరు, ఖాళీ, ‘మైనస్ ఎల్ ఎక్స్’ అని కొట్టండి. తెరిచి ఉన్న ప్రతి విండోకూ ఒక వరుస వస్తుంది: గుర్తింపు సంఖ్య, ఏ వర్క్‌స్పేస్‌లో ఉంది, క్లాస్, కంప్యూటర్ పేరు, చివర శీర్షిక.

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. కళ్లకు కనిపించేది శీర్షిక కనుక దానితోనే విండోను పిలుస్తారు. మీరు మరో పుస్తకం తెరిస్తే శీర్షిక మారిపోతుంది, నిన్న పనిచేసిన ఆజ్ఞ ఇవాళ పనిచేయదు. క్లాస్ ఇంటిపేరు లాంటిది, ఏ ఫైలు తెరిచినా అదే ఉంటుంది. రైటర్‌కు అందులో ‘లిబ్రేఆఫీస్-రైటర్’ అని ఇంగ్లిష్‌లో కనిపిస్తుంది. ఆజ్ఞలో ‘మైనస్ ఎక్స్’ చేర్చి, ‘మైనస్ ఆర్’ తర్వాత ఆ మాట రాయండి.

చోటు చెప్పడానికి ‘మైనస్ ఇ’ తర్వాత కామాలతో అయిదు సంఖ్యలు ఇవ్వాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. మొదటిది 0గానే ఉంచండి. తర్వాతివి ఎడమ అంచు నుంచి దూరం, పై అంచు నుంచి దూరం, వెడల్పు, ఎత్తు. మీ తెర 1366×768 అనుకుంటే పీడీఎఫ్‌కు 0,0,0,683,690, రైటర్‌కు 0,683,0,683,690 ఇచ్చి చూడండి. కింది పట్టీని బట్టి ఎత్తు కొంచెం మార్చుకోవలసి రావచ్చు.

అయినా విండో కదలకపోతే అది తెరనిండా పరుచుకుని ఉందేమో చూడండి. అలాంటప్పుడు ఈ సంఖ్యలు చెల్లవు, పైగా తప్పు ఏమిటో కూడా తెర మీద రాదు. అందుకే ముందుగా ‘మైనస్ బి’తో అలా పరుచుకోవడాన్ని నిలువుగా, అడ్డంగా తీసేయమని చెప్పాలి. ఆ ప్రోగ్రామ్ మాన్యువల్‌లో ‘రిమూవ్’ అన్న చోట ఉన్న మాటలను ఉన్నవి ఉన్నట్టే రాయండి.

ఈ వరుసలన్నీ ఒక ఫైలులో పెట్టుకుని, దానికి కీబోర్డు సెట్టింగుల్లో ఒక షార్ట్‌కట్ మీట కేటాయించండి. రైటర్‌ను కూడా ఆ ఫైలే తెరవాలనుకుంటే మధ్యలో ‘స్లీప్ 10’ అనే వరుస ఉండాలి. పాత యంత్రంలో రైటర్ తెరుచుకోవడానికి సమయం పడుతుంది, ఇంకా పుట్టని విండోను ఏ ఆజ్ఞా కదపలేదు.

విండో మూయడానికి ఇదే ప్రోగ్రామ్‌లో ‘మైనస్ సి’ వాడండి. భద్రపరచని పేజీ ఉంటే రైటర్ మిమ్మల్ని అడుగుతుంది. ‘కిల్’ ఆజ్ఞల జోలికి దయచేసి వెళ్లవద్దు, టైపు చేసిన పేజీలు పోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: డౌన్‌లోడ్ చేసుకున్న ఒక ప్రోగ్రామ్‌కు నేనే మెనూ ఐకాన్ తయారుచేశాను. తెరిస్తే మాత్రం పట్టీలో వేరే బొమ్మ వస్తోంది.
– డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: ఇక్కడా కీలకం క్లాసేనమ్మా. మీరు తయారుచేసిన డెస్క్‌టాప్ ఫైలులో ‘స్టార్టప్ డబ్ల్యూఎమ్ క్లాస్’ అనే వరుస చేర్చండి. ‘మైనస్ ఎల్ ఎక్స్’ జాబితాలో ఆ ప్రోగ్రామ్ క్లాస్‌గా చుక్క తర్వాత ఉన్న మాటను అక్కడ రాయండి. ‘ఐకాన్’ వరుసలో బొమ్మకు పూర్తి దారి ఇవ్వండి. ఆ దారిని మీ హోమ్ ఫోల్డర్‌కు బదులు వాడే తరంగపు గుర్తుతో మొదలుపెడితే బొమ్మ రాదు.

ప్రశ్న: ఉబుంటులో ఇదే ప్రోగ్రామ్ వేసుకున్నాను. కొన్ని విండోలు జాబితాలోనే రావడం లేదు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ ఉబుంటు వేలాండ్ మీద, అంటే విండోలను తెర మీద చూపించే కొత్త పద్ధతి మీద నడుస్తోంది. ఆ ఆజ్ఞ 1987 నాటి ఎక్స్11 పద్ధతికి చెందినది కనుక పాత పద్ధతిలో నడిచే విండోలనే చూడగలదు. ఎక్స్11లో ఏ ప్రోగ్రామ్ అయినా పక్క ప్రోగ్రామ్‌లో మీరు కొట్టే పాస్‌వర్డును కూడా గమనించగలదు, వేలాండ్ ఆ తలుపు మూసింది. నాకు ఎంతో ఇష్టమైన ఆజ్ఞ పనికిరాకుండా పోయినా, ఆ నిర్ణయం సరైనదేనని నమ్ముతాను. 24.04 లేదా అంతకు ముందు వెర్షన్ అయితే లాగిన్ తెర మీది పళ్లచక్రం నొక్కి ‘ఉబుంటు ఆన్ ఎక్సార్గ్’ ఎంచుకోండి. 25.10లో ఆ ఎంపికే లేదు.