ఆల్బమ్ పనికి ఏ కంప్యూటర్? ‘ఫ్రీగా వేసిస్తాం’ అంటే ఒప్పుకోవద్దు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్త. నా కంప్యూటర్ మూడో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. పీఎస్‌డీ (ఫొటోషాప్ ఫైలు) తెరిస్తే చాలు, సతాయిస్తున్నది. 60 వేలల్ల గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకోమంటరా? షాపాయన ఫొటోషాప్‌తోపాటు అన్ని సాఫ్ట్‌వేర్లు ఫ్రీగ వేసిస్త అంటున్నడు.

జవాబు: గేమింగ్ ల్యాప్‌టాప్ వద్దు. ముహూర్తాలు దగ్గరపడితే చాలు, స్టూడియోలవాళ్ల నుంచి ఇదే ప్రశ్న. అందరూ గ్రాఫిక్స్ కార్డు గురించే అడుగుతారు. ఆల్బమ్ పనిలో దాని వంతు చాలా తక్కువ.

సతాయింపు ఎక్కడిదో చూడండి. 12×36 అంగుళాల షీటు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 3,600×10,800 పిక్సెళ్లు. ఒక్క నిండు లేయరే 110 ఎంబీ దాటుతుంది. పది పదిహేను లేయర్లు, అన్‌డూ కోసం దాచే హిస్టరీ, పక్కన తెరిచి ఉంచిన ఇంకో రెండు షీట్లు, విండోస్ వాడుకునేది కలిస్తే 8 జీబీ నిండిపోతుంది. మిగిలిందంతా ఫొటోషాప్ స్క్రాచ్ డిస్క్ (ర్యామ్ చాలనప్పుడు తాత్కాలికంగా వాడుకునే డిస్క్) మీదికి తోస్తుంది. మీ దగ్గర ఆ స్క్రాచ్ డిస్క్ పాత హార్డ్ డిస్కే. అందుకే ఒక లేయర్ జరిపినా గడియారం తిరుగుతూ కూర్చుంటుంది.

డెస్క్‌టాప్ తీసుకోండి. ఆరు కోర్లున్న 12వ తరం ఐ5 ప్రాసెసర్, లేదా ఆ తర్వాతిది. మోడల్ నంబర్ చివర ‘ఎఫ్’ ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండవు, వేరే కార్డు కొంటే తప్ప తెరే రాదు. ఈమధ్య ర్యామ్ ధర బాగా పెరిగింది, అయినా 16 జీబీకి తగ్గొద్దు. ఒకే స్టిక్‌గా తీసుకుంటే రెండో స్లాట్ ఖాళీగా ఉండి తర్వాత 32కు పెంచుకోవచ్చు. విండోస్‌కు, స్క్రాచ్‌కు, నడుస్తున్న ఆర్డర్లకు 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే ఎన్నో రెట్లు వేగమైన డిస్క్). అయిపోయిన పెళ్లిళ్లకు పెద్ద హార్డ్ డిస్క్. పక్కన ఒక యూపీఎస్. మన జిల్లాలో మే నెల ఎండకు సన్న ల్యాప్‌టాప్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. డెస్క్‌టాప్ డబ్బాలో గాలి ఆడుతుంది.

షాపు బోర్డు మీద ‘ఐ7’ అని రాసి తరం చెప్పకపోతే అక్కడ కొనొద్దు. మూడో తరం ఐ7 2012 నాటిది, ఇప్పటి ఐ3 దానికంటే వేగం. విండోస్ 11కు కనీసం ఎనిమిదో తరం కావాలి. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. అంతకంటే పాతవాటిలో ఏదో దారిలో విండోస్ 11 ఎక్కించి అమ్మేవి కొంటే ముందుముందు అప్‌డేట్లకు భరోసా లేదు.

మిగిలిన డబ్బు మానిటర్‌కు పెట్టండి. ఐపీఎస్ ప్యానెల్ (పక్క నుంచి చూసినా రంగు మారని తెర), ఎస్ఆర్‌జీబీ 100 శాతం. ఎస్ఆర్‌జీబీ, ఎన్‌టీఎస్‌సీ అనేవి తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలతలు. ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని రాసి ఉన్న తెర మీద పట్టుచీర ఎరుపు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది, మీరు దాన్ని పెంచుతారు, ప్రింటులో మండిపోతుంది. ఆల్బమ్ నల్లగా వచ్చిందని ల్యాబువాళ్లతో గొడవపడేముందు మీ తెర వెలుతురు తగ్గించి చూడండి. 120 నిట్ల (తెర వెలుతురుకు కొలత) దగ్గర పెట్టాల్సినదాన్ని చాలామంది ఫుల్లుగా పెట్టి పనిచేస్తారు.

అన్నిటికంటే కంగారు పెట్టింది మీ చివరి మాట. షాపాయన ఫ్రీగా వేసేది క్రాక్, అంటే డబ్బు కట్టకుండా నడిచేలా తాళం పగలగొట్టిన దొంగ కాపీ. అది నడవాలంటే విండోస్‌లోనే ఉండే వైరస్ కాపలా, విండోస్ డిఫెండర్‌ను ఆపాలి. డిఫెండర్ మళ్లీ లేచి క్రాక్‌ను చెరిపేయకుండా కొందరు సీ డ్రైవ్ మొత్తాన్ని తనిఖీ నుంచి మినహాయించి ఇస్తారు. పైకి డిఫెండర్ పనిచేస్తున్నట్టే ఉంటుంది, సీ డ్రైవ్‌లోకి ఏమొచ్చినా పట్టించుకోదు. పాత కంప్యూటర్‌లో ఇప్పుడే చూడండి: విండోస్ సెక్యూరిటీ, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, మేనేజ్ సెట్టింగ్స్, అట్టడుగున ఎక్స్‌క్లూజన్స్. అక్కడ సీ డ్రైవ్ కనిపిస్తే దాన్ని తీసేసినంత మాత్రాన సరిపోదు, ఈలోపు లోపల ఏం చేరిందో ఎవరు చెప్పగలరు? ఆ కంప్యూటర్ నుంచి ఫొటోలు, పీఎస్‌డీలు, ఫాంట్లు తప్ప ఒక్క సెటప్ ఫైలు కూడా కొత్తదానిలోకి తేవొద్దు. క్రాక్‌ల వెంట వచ్చే రాన్సమ్‌వేర్ (డబ్బు గుంజే వైరస్) ఫొటోలన్నిటికీ తాళం వేస్తుంది, తగిలించి ఉంచిన ఎక్స్‌టర్నల్ డిస్క్‌నూ వదలదు. జరిగిపోయిన ముహూర్తాన్ని మళ్లీ తీయలేరు. అందుకే బ్యాకప్ డిస్క్‌ను కాపీ అవగానే పీకి బీరువాలో పెట్టండి.

ఎవరూ పట్టించుకోనిది ఇంకొకటుంది. విండోస్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు షాపులో కుర్రాడు తన మెయిల్ ఐడీతోనే లాగిన్ చేసి చేతికిస్తాడు. కొత్త విండోస్ 11 కంప్యూటర్లలో అలా లాగిన్ అయితే డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌కు వేసే తాళం) దానంతటదే ఆన్ కావచ్చు, దాన్ని తెరిచే 48 అంకెల రికవరీ కీ ఆ కుర్రాడి ఖాతాలోకి పోతుంది. మదర్‌బోర్డు మార్చిన రోజో, బయోస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) అప్‌డేట్ అయిన రోజో తెర మీద ఆ కీ అడుగుతుంది. అప్పటికి కుర్రాడు షాపు మానేసి ఉంటే ఫొటోలు మీ ఎదుటే ఉండి కూడా మీకు దక్కవు. ఎన్‌క్రిప్షన్ మంచిదే. కానీ తాళం వేస్తున్నామని, తాళంచెవి ఫలానా చోట పెట్టామని యజమానికి అర్థమయ్యేలా చెప్పకుండా వేయడం దారుణమైన డిజైన్. మీ సొంత మెయిల్‌తో మీరే లాగిన్ అవ్వండి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూసి, ఉంటే మీ ఖాతాలోని కీని కాగితం మీద రాసి దాచండి.

ఫొటోషాప్ నెలవారీ చందా బరువనుకుంటే అలాంటి పనే చేసే అఫినిటీ అనే సాఫ్ట్‌వేర్ 2025 అక్టోబర్ నుంచి ఉచితం. పీఎస్‌డీలు తెరుస్తుంది, కాకపోతే ఎఫెక్టులన్నీ ఉన్నదున్నట్టు రావు. వధూవరుల పేర్లు తెలుగులో కొట్టి, ఒత్తులు సరిగ్గా పడుతున్నాయో చూశాకే మారండి.

పాతదాన్ని ఎక్స్చేంజ్‌లో ఇస్తే హార్డ్ డిస్క్ విప్పుకొని మిగతాదే ఇవ్వండి. క్విక్ ఫార్మాట్ కొట్టినా ఫొటోలు అందులోనే ఉంటాయి, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఎవరైనా తీయొచ్చు. అవి మీవి కావు, మిమ్మల్ని నమ్మి ఇంట్లోకి రానిచ్చిన కుటుంబాలవి. డిస్క్ లేదని రెండు వేలు తగ్గిస్తానంటే తగ్గించనివ్వండి.