మైకు పట్టుకునే ముందు పేర్లు పట్టుకో

చిరంజీవికి ఆశీస్సులు.

బాక్సింగ్ పోటీల్లో బాక్సర్ల పేర్లు, ఫలితాలు ప్రకటించే రింగ్ అనౌన్సర్ కావాలని ఉందంటూ నువ్వు రాసిన ఉత్తరం అందింది. దాంతో పాటు పంపిన రికార్డింగును రెండుసార్లు విన్నాను. గొంతు బాగుంది, ఆ విషయంలో దిగులు పడకు. మైకులు లేని రోజుల్లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అనౌన్సర్ జో హంఫ్రీస్ ఉత్త గొంతుతోనే అంత జనానికీ వినిపించేవాడు. నీకు ఆ అవస్థ లేదు. రింగ్ అనౌన్సర్ కావాలనుకున్న ప్రతివాడూ ముందు గొంతుకే సాన పెడతాడు, అద్దం ముందు నిలబడి పేరులో చివరి అక్షరాన్ని ఊపిరి అయిపోయేదాకా సాగదీస్తాడు. నువ్వూ అదే చేశావు. అయితే అంతసేపు సాగదీసిన ఆ పేరును తప్పు పలికావు.

నువ్వు పిలిచిన బాక్సర్ పేరు హూలియో, జూలియో కాదు. స్పానిష్‌లో ఆ మొదటి అక్షరాన్ని మన ‘హ’కు దగ్గరగా పలుకుతారు. లాస్ ఏంజిలిస్‌లో అనౌన్సర్ జిమ్మీ లెనన్ సీనియర్‌కు అంత అభిమానం దక్కడానికి ఒక కారణం ఇదే: మెక్సికన్ బాక్సర్ల పేర్లను వాళ్ల ఇళ్లలో పిలుచుకున్నట్టే పిలిచేవాడు.

నేను ఈ పాఠం తేలిగ్గా నేర్చుకోలేదు. కొత్తలో ఒక నాలుగు రౌండ్ల పోటీకి చేతికిచ్చిన కాగితంలో ఉన్న పేరును ఉన్నట్టే చదివేశాను. రింగులో నీలం రంగు మూలన ఉన్న కుర్రవాడు చెయ్యి ఎత్తలేదు. ట్రైనర్ వీపు తట్టాక ఎత్తాడు. పోటీ ఓడిపోయి, ఒక కన్ను వాచిపోయి, బట్టలు మార్చుకునే గది బయట ఎదురుపడ్డాడు. “సార్, మీరు పిలిచింది నన్నేనని నాకు తెలియలేదు” అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది.

అప్పటినుంచి బరువు చూసే రోజే వెళ్లి, ప్రతి బాక్సర్ పక్కనా నిలబడి “నీ పేరు నువ్వే చెప్పు” అని అడుగుతున్నాను. మేనేజర్‌ను అడగవద్దు, ప్రమోటర్‌ను అసలే వద్దు. విన్నది విన్నట్టు తెలుగు లిపిలో రాసుకో. ఒ, ఓ తేడా ఇంగ్లీషు స్పెల్లింగులో కనబడదు, మన లిపిలో దాగదు. రాసింది అతనికే చదివి వినిపించు. తల ఊపుతాడు. మర్యాద కోసం ఊపాడా, నిజంగానే ఊపాడా అన్నది ముఖం చూస్తే తెలిసిపోతుంది.

ఒక్కో పోటీకి ఒక్కో అట్టముక్క పెట్టుకో. పైన రౌండ్ల సంఖ్య, బరువు తరగతి, రిఫరీ పేరు, ముగ్గురు న్యాయనిర్ణేతల పేర్లు. కింద ఎర్ర సిరాతో ఎరుపు మూల, నీలం సిరాతో నీలం మూల: గెలుపులు, ఓటములు, డ్రాలు, నాకౌట్లు. ఈ అంకెలను పోటీ రోజు పొద్దున మళ్లీ సరిచూసుకో. టైటిల్ పోటీలో ఛాలెంజర్‌ను ముందు, ఛాంపియన్‌ను చివర పిలవడం ఆనవాయితీ.

ఇక ఫలితం. నీ పని బయటపడేది అక్కడే. పేరుమోసిన అనౌన్సర్ మైకేల్ బఫర్ ఈ వృత్తిలోకి వచ్చింది 1982లో, నలభైకి దగ్గరపడిన వయసులో. టీవీలో ఒక అనౌన్సర్ స్ప్లిట్ డెసిషన్‌ను ఉత్కంఠ లేకుండా చప్పగా చదివేస్తుంటే, అంతకంటే నువ్వే బాగా చేస్తావని కొడుకు అన్నాడట. స్ప్లిట్ అంటే ఇద్దరు న్యాయనిర్ణేతలు ఒకరివైపు, మూడో ఆయన రెండోవారివైపు. న్యాయనిర్ణేతలు పాయింట్లు రాసిచ్చిన కార్డుల్లో చెరొకరికి వచ్చిన రెండూ ముందు చదివి, తేల్చే కార్డును చివరికి ఉంచు. టైటిల్ పోటీ అయితే, ఆ తరువాత ‘ఇప్పటికీ’ ఛాంపియన్ అంటావా, ‘కొత్త’ ఛాంపియన్ అంటావా అన్న ఒక్క మాట కోసం హాలంతా ఊపిరి బిగబట్టి ఉంటుంది.

ఆ ఒక్క మాట తప్పితే ఏమవుతుందో 2024 మే నెలలో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో చూశాం. ఛాంపియన్ నినా హ్యూస్ టైటిల్ నిలబెట్టుకుందని ప్రకటించారు. ఆమె సంబరం ఇంకా ముగియనే లేదు, గెలిచింది ఛాలెంజర్ చెర్నెకా జాన్సన్ అని సరిదిద్దారు. ఆ క్షణంలో హ్యూస్ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే కాగితం చేతికి రాగానే నోరు తెరవకు. గెలిచినవారి పేరు మీద వేలు పెట్టి, పోటీని పర్యవేక్షించే సూపర్‌వైజర్ వైపు వంగి “ఎరుపేనా?” అని అడుగు. అవునన్నాకే మైకు ఎత్తు. ఈలోగా జనం అరిస్తే అరవనీ.

‘లెట్స్ గెట్ రెడీ టు రంబుల్’ అనే బఫర్ ఐదు మాటల పిలుపును అరువు తెచ్చుకోవాలని చూడకు. అది ట్రేడ్‌మార్క్ అయిన సరుకు, పైగా నీ నోట్లో అనుకరణలాగే వినిపిస్తుంది. సొంత పిలుపు వస్తే దానంతట అదే వస్తుంది. రాకపోయినా పోటీ ఆగదు.

ఎవరైనా బాక్సర్ చనిపోతే గంట పదిసార్లు మోగించి నివాళి అర్పిస్తారు. అందరినీ లేచి నిలబడమని కోరేది నువ్వే. పేరు చెప్పి మైకు దించెయ్యి. గంటకూ గంటకూ మధ్య నోరు మెదపకు.

డబ్బు సంగతి అడిగావు. పోటీకి ఇంతని ఇస్తారు, నెల జీతం ఉండదు. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం మానకు.

మొదటి అవకాశం దొరకగానే అట్టముక్కలు రాసి, ఫోటో తీసి పంపు. అక్షరాలు పెద్దవిగా రాయి. రింగులో లైట్లు కళ్లలో పడతాయి, పైగా నా కళ్లద్దాలు పాతబడ్డాయి.