వంటింట్లో మిక్సీ, వాషింగ్ మెషిన్ చప్పుడు గదిలోకి రాకుండా తలుపుకు ఏం చేయించాలి?

ఆ ఫోమ్ షీట్లు మాత్రం కొనొద్దు, అన్నా. కర్నూలులో అపార్ట్‌మెంట్, ఒకవైపు వంటిల్లు, యుటిలిటీ, ఎదురుగా మీ అబ్బాయి చదువుకునే గది, మధ్యలో మామూలు ఫ్లష్ డోర్, దానికి ఫోమ్ అతికిస్తే సౌండ్ ప్రూఫ్ అయిపోతుందని షాపువాడు చెప్పాడని రాశారు కదా. గుంతలు గుంతలుగా ఉండే ఆ నల్ల ఫోమ్ గదిలో మాట ప్రతిధ్వనించకుండా చూడడానికి, రికార్డింగులు చేసుకునేవాళ్లకు. అవతలి చప్పుడును ఇవతలికి రాకుండా ఆపాలంటే బరువు కావాలి, దానికి బరువే లేదు. కోడిగుడ్ల అట్టలు గోడకు కొట్టుకునేవాళ్లదీ ఇదే కథ.

మాది అనంతపురం. మా ఆవిడ నర్సు. నైట్ డ్యూటీ ఉన్నప్పుడు పొద్దున ఎనిమిదింటికి వచ్చి పడుకుంటుంది, సరిగ్గా అప్పుడే మా అమ్మ ఉగ్గానిలోకి పప్పుల పొడి మిక్సీకి వేస్తుంది, ఆ వెంటనే వాషింగ్ మెషిన్ మొదలవుతుంది. మాకు నీళ్లు వచ్చేది ఆ టైముకే, మార్చుకోమంటే కుదరదు. అందుకే తలుపు సంగతి చూడాల్సి వచ్చింది.

ముందు ఖర్చు లేని పని ఒకటి చేయండి. రాత్రి గదిలో లైట్లు ఆర్పేసి, తలుపు మూసి, అవతల ట్యూబ్‌లైటు వేయించండి. వెలుతురు గీత కనిపించిన చోటల్లా చప్పుడుకూ దారి ఉన్నట్టే. మా తలుపుకు కింద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక పట్టీ, గడియ వైపు పైనుంచి సగం దాకా సన్న గీత, తాళం కంతలో ఒక చుక్క కనిపించాయి. కింద అర అంగుళమేగా అనుకుంటాం. 7 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు తలుపుకు కింద అర అంగుళం సందంటే 18 చదరపు అంగుళాల కంత, మొత్తం తలుపులో 0.6 శాతం. అంతమాత్రం సందు ఉన్నా చాలు, ఆ తలుపును టేకుతో చేయించినా ఇనుముతో చేయించినా 22 డెసిబెళ్లకు మించి ఆపలేదు, సందు 1 శాతానికి చేరితే 20 దగ్గరే ఆగిపోతుంది. మిక్సీ పక్కన నిలబడితే 80, 90 డెసిబెళ్ల దాకా ఉంటుంది, 10 తగ్గితే మన చెవికి చప్పుడు సగమైనట్టు వినిపిస్తుంది, ఆ లెక్కన చూసుకోండి.

పాత ఇళ్లల్లో లోపలి గదులకు కూడా గడప ఉండేది, తలుపు వచ్చి దానికి ఆనేది. ఇప్పుడు పసుపు కుంకుమ పెట్టడానికి వీధి వాకిలికి ఒక గడప ఉంచి లోపలివన్నీ తీసేశారు. తుడుచుకోవడం సులువు, ముసలివాళ్లు కాలు తట్టుకుని పడరు, బాగానే ఉంది, కానీ ఈ సందు అక్కడినుంచి వచ్చిందే.

కింది సందుకు తలుపు రెండు వైపులా ఫోమ్ గొట్టాలు వచ్చేలా కింద దూర్చే గార్డు ఒకటి దొరుకుతుంది, చవక, బొద్దింకలూ రావు, కాకపోతే తడిబట్ట పెట్టినప్పుడల్లా నానిపోయి కొన్నాళ్లకు కంపు కొడుతుంది. స్క్రూలతో బిగించే అల్యూమినియం పట్టీ, దానికి రబ్బరు ఉండేది దీనికన్నా మేలు. మీకు టైల్స్ కాబట్టి అది సరిపోతుంది. మాకు కింద బేతంచెర్ల బండలు, పాలిష్ పట్టించినా అతుకుల దగ్గర ఎగుడుదిగుళ్లు ఉన్నాయి, పట్టీ వేస్తే సగం దూరంలో పట్టేస్తుంది. అందుకని తలుపు మూసినప్పుడు మాత్రమే రబ్బరు కిందికి దిగే డ్రాప్ సీల్ వేయించాను, బందుల వైపు ఒక పిన్ను ఉంటుంది, అది ఫ్రేముకు తగిలి లోపలికి పోగానే రబ్బరు దిగి బండకు అదుముకుంటుంది, తెరిస్తే పైకి పోతుంది. మా హార్డ్‌వేర్ షాపుల్లో అడిగితే తెల్లమొహం వేశారు, ఆన్‌లైన్‌లో తెప్పించి కార్పెంటర్‌తో బిగించుకున్నాం.

పక్కలకు, పైన, తలుపు వచ్చి ఆనే చోట ఫ్రేముకు రబ్బరు బీడింగ్ అతికించాలి. స్పాంజి టేపు వద్దు, ఒక ఎండాకాలానికే పొడి పొడిగా రాలుతుంది. ఈపీడీఎం రబ్బరు అని అడగండి. అతికించే ముందు ఫ్రేమును థిన్నర్‌తో తుడవకపోతే నూనె జిడ్డుకు నిలవదు, వంటింటి పక్క తలుపు కదా. అతికించాక ఒక కాగితం మధ్యలో పెట్టి తలుపు మూసి లాగి చూడండి, ఊరికే వచ్చేస్తే అక్కడ రబ్బరు ఆనడం లేదని అర్థం. ఇంకొకటి, మన ఎండలకు చెక్క ఎండి ముడుచుకుంటుంది, వానాకాలం ఉబ్బుతుంది. మే నెలలో టైటుగా చేయించుకుంటే ఆగస్టులో భుజం పెట్టి తోయాల్సి వస్తుంది, కొంచెం వదులు ఉంచమనండి.

తలుపు పైన వెంటిలేటర్ ఉంటే దాన్ని వదిలేసి ఇదంతా చేయించడం దండగ. అద్దం బిగించి చుట్టూ సిలికాన్ పెట్టించండి.

ఇవన్నీ అయ్యాకే బరువు గురించి ఆలోచించండి. తలుపు మీద వేలితో కొట్టి చూడండి, డొల్లగా మోగితే లోపల అట్ట నింపిన రకం. దానికి 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ స్క్రూ చేయొచ్చు, 15 కిలోల దాకా బరువు పెరుగుతుంది కాబట్టి ఇంకో బందు వేయించాలి, లేకపోతే రెక్క వాలిపోతుంది. నన్నడిగితే ఆ తంటా కన్నా గట్టి చెక్క నింపిన 35 మిల్లీమీటర్ల రెక్క కొత్తది పెట్టించుకోవడం నయం. బరువు రెట్టింపైతే 5, 6 డెసిబెళ్లు తగ్గుతాయి, అంతకు మించి ఆశపడొద్దు.

ఇక అసలు సంగతి. తలుపు సందులన్నీ మూశాక మా ఇంట్లో మిక్సీ కీచుమనడం బాగా తగ్గింది, వాషింగ్ మెషిన్ స్పిన్ తిరిగేటప్పటి గుయ్‌మనే మోత మాత్రం అలాగే ఉంది. గోడ మీద చెయ్యి పెడితే అరచేతికి తెలుస్తోంది. అది గాలిలోంచి వచ్చేది కాదు, నేల పట్టుకుని, గోడ పట్టుకుని వచ్చేది, తలుపుకు ఎన్ని లక్షలు పెట్టినా ఆగదు. మెషిన్ మీద రసమట్టం పెట్టి చూస్తే ఒక కాలు పైకి లేచి ఉంది, సరిచేసి, పశువుల కొట్టాల్లో ఆవుల కింద పరిచే మందం రబ్బరు మ్యాట్ ముక్కలు నాలుగు కాళ్ల కిందా పెట్టాం, గోడకు నాలుగు వేళ్ల ఎడం ఉంచాం. తలుపు పని కన్నా దీనివల్లే తేడా ఎక్కువ తెలిసిందని మా ఆవిడ మాట. మీది ఫ్రంట్ లోడ్ కొత్త మెషిన్ అయితే రవాణాలో డ్రమ్ము కదలకుండా వెనక బిగించే ట్రాన్సిట్ బోల్టులు తీశారో లేదో కూడా చూడండి, అవి ఉండిపోతే ఇల్లంతా అదురుతుంది.

మిక్సీ కూడా అంతే. మన వంటిళ్లల్లో గట్టుకూ అరలకూ కడప బండే, దాన్ని గోడలోకి దిగేసి ఉంటారు, దానిమీద మిక్సీ తిప్పితే గోడనే తిప్పినట్టు. కింద రబ్బరు కాళ్లు గట్టిపడిపోయి ఉంటే మార్పించండి. మెత్తగా ఉంటుందని మడతపెట్టిన గుడ్డ మీద మాత్రం పెట్టొద్దు, గాలి కంతలు అడుగునే ఉంటాయి, మూసుకుపోతే మోటారు కాలుతుంది. గోడకు దూరంగా, కాళ్ల కింద మాత్రమే రబ్బరు.

తలుపు బిగించే ముందు ఒకటి చూసుకోండి. యుటిలిటీలో గ్యాస్ గీజర్ ఉంటే అక్కడి కిటికీ, ఎగ్జాస్ట్ కంత ఎట్టి పరిస్థితుల్లో మూయొద్దు. ఇన్వర్టర్ బ్యాటరీ ఉన్న గదికీ గాలి ఆడాలి.

అబ్బాయి గదిలో ఉన్నది ఏసీనా కూలరా మీరు రాయలేదు. ఏసీ అయితే ఇలా సందులు మూయడం వల్ల కరెంటు కూడా ఆదా. కూలరైతే అది కిటికీలోంచి తోసే గాలి ఇన్నాళ్లూ బయటికి పోయేది ఆ తలుపు సందుల్లోంచే, అవి మూస్తే గదంతా చెమ్మ పట్టి ఉక్కపోస్తుంది, రెండో కిటికీ రెండంగుళాలన్నా తెరిచి ఉంచాలి. అది వీధి వైపు ఉంటే ఆటోల చప్పుడు వస్తుంది, అప్పుడు ఏది నయమో అబ్బాయినే అడగండి.